రిటర్ను ఎవరు రాసినా జవాబుదారు మనమే

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ సభలో పిల్లల చదువులను గూర్చి, ఉపకార వేతనాలను గూర్చి, పెళ్ళి ఖర్చులు తగ్గించుకోవడాన్ని గూర్చి మాట్లాడుకుంటున్నాము. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, ఆదాయపు పన్ను రిటర్నుల విషయమై నాలుగు మాటలు చెప్పమన్నారు. ఉర్దూ మాస్టారుకు, ఇన్‌కమ్ టాక్సుకు ఏమిటి సంబంధం అని కొందరు నవ్వుకుంటున్నట్లున్నారు. సంబంధం లేకపోలేదు. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, తారీఖు - ఈ మాటలన్నీ అరబ్బీ, ఫారసీల నుండి తెలుగులోకి వచ్చి చేరినవే. చివరికి "రిటర్ను దాఖలు చేశాను" అనేటప్పుడు ఆ దాఖలు కూడా అలా వచ్చిందే. లెక్కల మాటలు ఇన్ని మన నోట్లో ఉన్నాయి గాని, లెక్క రాసిన కాగితం మాత్రం మనం చదవడం లేదు. ఎవరికో ఇచ్చేస్తున్నాము. ఏం రాశాడో చూడకుండానే ఓటీపీ చెప్పేస్తున్నాము. నేను చెప్పదలచుకున్న విషయం ఇదే.

మన దేశంలో ఆధునిక ఆదాయపు పన్ను 1860లో మొదలైంది. 1857 తిరుగుబాటు వలన ఖజానాకు వచ్చిన నష్టాన్ని పూడ్చుకోవడానికి జేమ్స్ విల్సన్ అనే బ్రిటిష్ ఆర్థిక మంత్రి దానిని ప్రవేశపెట్టాడు. అందుకే జులై 24ను ఆదాయపు పన్ను దినంగా జరుపుతారు. తరువాత 1922లో ఒక చట్టం, 1961లో మరొక చట్టం వచ్చాయి. 2025లో పార్లమెంటు మరో కొత్త చట్టం చేసి, దాని అమలు తేదీని 2026 ఏప్రిల్ 1గా నిర్ణయించింది. అయితే 2025-26 సంవత్సరపు ఆదాయానికి దాఖలు చేసే రిటర్నుకు 1961 చట్టమే వర్తిస్తుంది. సెక్షన్ల నంబర్లు, ఫారాల నంబర్లు మారుతూ ఉంటాయి. నేను చెప్పే జాగ్రత్తలకు వాటితో నిమిత్తం లేదు.

ఒకప్పుడు ఇన్‌కమ్ టాక్సు అంటే పెద్ద వకీళ్ళు, మిల్లు యజమానులు, జమీందారులకు సంబంధించిన వ్యవహారం అనుకునేవారు. ఇప్పుడు అలా కాదు. బడి పంతులు, ఆర్టీసీ ఉద్యోగి, లారీ యజమాని, కిరాణా కొట్టు యజమాని, భర్త పోయి కుటుంబ పింఛను తీసుకునే సోదరి - అందరికీ పాన్ కార్డు ఉన్నది. బ్యాంకు ఖాతా దానితో కలిసి ఉన్నది. మనం చెప్పినా చెప్పకపోయినా మన వడ్డీ ఎంత, కోసిన పన్ను ఎంత అనేది ఆ శాఖవారి దగ్గర ముందే రాసి ఉంటుంది.

మొదట ఒక అపోహ తొలగించుకుందాము. "పన్నెండు లక్షల దాకా పన్ను లేదంట గదా మాస్టారూ, ఇక రిటర్ను ఎందుకు?" అని చాలామంది అడుగుతున్నారు. పన్ను లేకపోవడం వేరు, రిటర్ను అక్కర్లేకపోవడం వేరు. 2025-26 సంవత్సరానికి కొత్త పద్ధతిలో మొదటి 4 లక్షల మీద పన్ను లేదు. ఆ పైన లెక్క కడితే పన్ను వస్తుంది. కాని నికర ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటు ఇచ్చి ఆ పన్నును సున్నా చేస్తారు. కాబట్టి ఆదాయం 4 లక్షలు దాటినవారు పన్ను కట్టనక్కర్లేకపోయినా రిటర్ను దాఖలు చేయవలసిందే.

బ్లాకు బోర్డు మీద రాసినట్లు ఒక లెక్క చెబుతాను. ఒక ఉపాధ్యాయురాలికి ఏడాది జీతం 9,60,000 అనుకోండి. బ్యాంకు డిపాజిట్ మీద వడ్డీ 60,000. మొత్తం 10,20,000. జీతగాళ్ళకు ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసివేస్తే 9,45,000 మిగులుతుంది. 4 లక్షల నుండి 8 లక్షల వరకు 5 శాతం చొప్పున 20,000. మిగిలిన 1,45,000 మీద 10 శాతం చొప్పున 14,500. మొత్తం పన్ను 34,500. రిబేటు వలన అది సున్నా అవుతుంది. కాని వడ్డీ 50,000 దాటింది కాబట్టి బ్యాంకువారు 10 శాతం చొప్పున 6,000 రూపాయలు ముందే కోసి గవర్నమెంటుకు కట్టేశారు. ఆ 6,000 ఆమెకు తిరిగి రావాలంటే మార్గం ఒక్కటే, రిటర్ను దాఖలు చేయడం. దీనినే రీఫండు అంటారు.

ఈ మాట అర్థం కాకపోవడం వలననే మనవాళ్ళు మోసపోతున్నారు. రీఫండు బహుమానం కాదు, సబ్సిడీ కాదు, ఎవరో పైరవీ చేసి తెప్పించే సొమ్ము కాదు. మన దగ్గర ఎక్కువగా కోసుకున్న మన డబ్బే తిరిగి రావడం. ఎక్కువ కోయకపోతే రీఫండు ఉండదు. ఉండదని తెలిసినవాడిని ఎవరూ ఆశ పెట్టలేరు.

ఇక మన ఊళ్ళలో రిటర్నులు ఎవరెవరు రాసిపెడుతున్నారో చూద్దాము. ఒకరు చార్టర్డ్ అకౌంటెంట్లు. రెండవవారు టాక్సు ప్రాక్టీషనర్లు, వకీళ్ళు. మూడవది నెట్ సెంటరు. అక్కడ ఆధార్ మార్పులతో, హాల్ టికెట్లతో పాటు ఇదీ చేసి పెడతారు. నాలుగవవారు మన స్టాఫ్ రూములో ఉండే కంప్యూటరు తెలిసిన మాస్టారు. ఫిబ్రవరి నెల వచ్చిందంటే ఇన్‌కమ్ టాక్సు స్టేట్‌మెంట్లు తయారు చేసే పని ఆయన మీదనే పడుతుంది. ఐదవది ఆ శాఖవారి సొంత వెబ్‌సైటు, ఇన్‌కమ్‌టాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్. 2021 జూన్ 7న కొత్త రూపంలో మొదలైన ఆ పోర్టలులో ఎవరి రిటర్ను వారే రూపాయి ఖర్చు లేకుండా దాఖలు చేసుకోవచ్చు. జీతము, ఒక ఇల్లు, వడ్డీ మాత్రమే ఉన్నవారికి అందులో చాలా అంకెలు ముందుగానే నింపి ఉంటాయి. డిగ్రీ చదివే మన అమ్మాయిలు, అబ్బాయిలు ఒక సాయంత్రం కూర్చుంటే చేయగల పని అది.

ఈ ఐదు దారుల్లో ఏది పట్టుకున్నా తప్పు లేదు. వ్యాపారం ఉన్నవారు, ఇల్లు గాని స్థలం గాని అమ్మినవారు, విదేశాలలో ఆస్తి ఉన్నవారు చదువుకున్న అకౌంటెంటు దగ్గరకే వెళ్ళాలి. ఆయన అడిగే ఫీజు దండుగ కాదు.

భయపడవలసింది ఆరవవాడిని చూసి. అతను ఫీజు అడగడు. "సార్, మీకు రీఫండు తెప్పిస్తాను. వచ్చినదాంట్లో నాకు పదిశాతం ఇవ్వండి చాలు, రాకపోతే ఏమీ ఇవ్వొద్దు" అంటాడు. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! కాని ఆలోచించండి. ఎంత ఎక్కువ రీఫండు చూపిస్తే అతనికి అంత ఎక్కువ కమీషను. నిజం రాస్తే అతనికి ఏమీ మిగలదు. అందుకని లేని అద్దె రాస్తాడు, చేయని విరాళం రాస్తాడు, ఎప్పుడూ తీసుకోని చదువు అప్పు మీద వడ్డీ రాస్తాడు, ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉండగా పెద్ద జబ్బుకు వైద్యం చేయించినట్లు రాస్తాడు. మనకు తెలియని రాజకీయ పార్టీకి మన పేరు మీద చందా కూడా రాస్తాడు!

నాకు తెలిసిన ఒక ఉపాధ్యాయ మిత్రుడు సొంత ఇంట్లో ఉంటాడు. ఆయన రిటర్నులో మాత్రం నెలకు ఇంత అని అద్దె కట్టినట్లు ఉంది. "ఇదేమిటి భాయ్, ఎవరికి కడుతున్నావు అద్దె?" అంటే తెల్లబోయాడు. రిటర్ను కాపీని ఆయన ఆ రోజు దాకా తెరిచి చూడనేలేదు. డబ్బు ఖాతాలో పడింది, కమీషను ఇచ్చాడు, మరిచిపోయాడు. తోటివారికి కూడా అదే మనిషిని చూపించాడు. చెడ్డవాడు కాడు. ఎవరి సొమ్మూ తినే రకం కాదు. కాని కాగితం మీద ఆయన అబద్ధం చెప్పినట్లే ఉన్నది.

ఇది మన ఒక్క ఊరి సంగతి కాదు. 2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖవారు దేశవ్యాప్తంగా 150 చోట్ల సోదాలు మొదలుపెట్టారు. రిటర్నులు రాసిపెట్టే కొందరు మధ్యవర్తులు ముఠాలుగా ఏర్పడి, దొంగ మినహాయింపులు చూపి, కమీషన్ల మీద రీఫండులు తెప్పిస్తున్నారని ప్రకటించారు. అంతకు ముందు నాలుగు నెలలలో సుమారు 40,000 మంది తమ రిటర్నులు తామే సవరించుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కు తీసుకున్నారని కూడా ఆ ప్రకటనలో ఉన్నది. ఇంకొక సంగతి కూడా బయటపెట్టారు. ఈ మధ్యవర్తులు రిటర్నుల కోసమే తాత్కాలికంగా ఈమెయిలు అడ్రసులు తెరిచి, పని కాగానే వాటిని వదిలేస్తున్నారు. గవర్నమెంటు పంపిన నోటీసులు ఆ పాడుపడ్డ పెట్టెలలో పడి ఉంటున్నాయి. ఇంటాయనకు మాత్రం ఏ కబురూ లేదు!

నోటీసు చేతికి వచ్చేసరికి లెక్క ఎలా ఉంటుందో చూడండి. తప్పుడు మినహాయింపులతో 45,000 రీఫండు వచ్చిందనుకోండి. అందులో 4,500 ఏజెంటుకు పోయింది. తరువాత అది అబద్ధమని తేలితే ఆ 45,000 పన్ను కట్టాలి. దాని మీద వడ్డీ కట్టాలి. ఆదాయాన్ని తప్పుగా చూపినందుకు ఆ పన్నుకు 200 శాతం వరకు, అంటే 90,000 వరకు జరిమానా పడుతుంది. వడ్డీ కాక 1,35,000! కావాలని చేశారని రుజువైతే ప్రాసిక్యూషనుకు కూడా చట్టంలో అవకాశం ఉన్నది. అప్పుడు ఏజెంటు ఫోను మోగుతూనే ఉంటుంది, ఎత్తేవాడు ఉండడు. "నాకేం తెలియదు సార్, అతనే రాశాడు" అంటే ఆఫీసరు ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు: "ఓటీపీ ఎవరి ఫోనుకు వచ్చింది?"

అందుకే అంటున్నాను. రిటర్ను ఎవరు రాసినా జవాబుదారు మనమే. వెనుకటి రోజులలో వేలిముద్ర వేసేవారిని చూసి జాలిపడేవాళ్ళము. ఏ కాగితం మీద వేస్తున్నారో వారికి తెలియదని. చదవకుండా ఓటీపీ చెప్పే పట్టభద్రుడికీ ఆ వేలిముద్రకూ తేడా ఏమిటి?

ఇప్పటికే ఇలాంటి చిక్కులో ఉన్నవారు ఈ సభలో ఉండవచ్చు. వారు కంగారుపడవద్దు, దాచిపెట్టుకోవద్దు. గడువు ఉంటే రివైజ్డ్ రిటర్ను దాఖలు చేయవచ్చు. గడువు దాటితే అప్‌డేటెడ్ రిటర్ను అని ఒకటి ఉన్నది. 2025 ఫైనాన్స్ చట్టంతో దాని గడువును 24 నెలల నుండి 48 నెలలకు పెంచారు. పన్ను, వడ్డీలతో పాటు ఆలస్యాన్ని బట్టి 25 శాతం నుండి 70 శాతం వరకు అదనంగా కట్టాలి. మొదటి ఏడాదిలోనే సరిచేసుకుంటే 25 శాతంతో పోతుంది. విచారణ మొదలైన తరువాత ఈ దారి మూసుకుపోవచ్చు. కాబట్టి ముందే మంచి అకౌంటెంటును కలవండి.

ఇక మన కుటుంబాలలో తరచుగా వచ్చే చిక్కులు కొన్ని చెబుతాను.

మొదటిది పేరు. మన పేర్లు ఒక్కో కాగితంలో ఒక్కో విధంగా ఉంటాయి. ఒకచోట మహమ్మద్, ఒకచోట మొహమ్మద్, ఇంకొకచోట ఎండి. ఒకచోట షేక్ అని పూర్తిగా, మరొకచోట ఎస్.కె. అని రెండక్షరాలు. ఆడవారి పేరు చివర బేగం ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. బడి రిజిస్టరులో రాసినది ఒకటి, ఆధార్‌లో రాసినది ఒకటి. దీని వలన పాన్, ఆధార్ కలవడం లేదు. 2023 జూన్ 30 లోపల కలుపుకోని పాన్లను, మినహాయింపు ఉన్నవారివి తప్ప, 2023 జులై 1 నుండి పనిచేయనివిగా ప్రకటించారు. పాన్ పనిచేయకపోతే రీఫండు రాదు, టీడీఎస్ ఎక్కువ రేటున కోస్తారు. 1,000 రూపాయల రుసుము కట్టి కలుపుకోవాలి. దానికి ముందు పేరు, పుట్టిన తేదీ రెండింటిలోనూ ఒకటే ఉండేట్లు సరిచేయించుకోవాలి. జులై నెలాఖరులో పరుగెత్తే కంటే ఈ పని ఇప్పుడే చేసుకోండి.

రెండవది బ్యాంకు వడ్డీ. మనలో చాలామంది వడ్డీని సొంతానికి వాడుకోరు, పేదలకు ఇచ్చివేస్తారు. మంచిదే. కాని వాడుకోలేదు గదా అని రిటర్నులో చూపకపోతే కుదరదు. మీ ఖాతాలో జమ పడింది కాబట్టి చట్టం దృష్టిలో అది మీ ఆదాయమే. ఏఐఎస్ అని పోర్టలులో ఒక పట్టిక ఉంటుంది. 2021 నవంబరులో ప్రవేశపెట్టారు. అందులో మీ వడ్డీ, డివిడెండు, స్థలాల కొనుగోలు, అమ్మకాలు కనిపిస్తాయి. రిటర్ను రాసే ముందు ఆ పట్టికను, 26ఏఎస్‌ను, జీతగాళ్ళయితే ఫారం 16ను పక్కపక్కన పెట్టుకుని చూడాలి. పన్ను పడనివారు 2025-26 వరకు 15జి గాని, అరవై ఏళ్ళు నిండితే 15హెచ్ గాని బ్యాంకులో ఇచ్చి టీడీఎస్ కోయకుండా చేసుకునేవారు. అలాంటి ప్రకటన ఏడాది మొదట్లోనే ఇవ్వాలి. అది ఇచ్చినంత మాత్రాన వడ్డీ ఆదాయం కాకుండా పోదు.

మూడవది దానధర్మాలు. జకాత్, సదఖా ఇచ్చిన మొత్తమంతా పన్నులో తగ్గుతుందని కొందరు అనుకుంటున్నారు. అలా తగ్గదు. పాత పద్ధతి ఎంచుకున్నవారికి మాత్రమే, అదీ 80జి అనుమతి ఉన్న సంస్థకు ఇచ్చి, రసీదు ఉంటేనే, నిబంధనల ప్రకారం మినహాయింపు వస్తుంది. 2,000 రూపాయలు దాటిన నగదుకు రాదు. బంధువుకు, పొరుగువారికి చేతికిచ్చినదాని ఫలితం వేరేచోట ఉన్నది. దానిని రిటర్నులో వెతకవద్దు.

నాలుగవది గల్ఫ్ కుటుంబాలు. కొడుకు దుబాయిలోనో, కువైట్‌లోనో పనిచేసి తల్లిదండ్రులకు పంపే డబ్బు వారికి పన్నుపడే ఆదాయం కాదు. ఎన్.ఆర్.ఐ.గా ఉన్నంతకాలం అక్కడి పనికి అక్కడ పుచ్చుకునే జీతానికి ఇక్కడ పన్ను లేదు. కాని అతని పేర ఇక్కడ ఇల్లు ఉండి అద్దె వస్తే, ఎన్.ఆర్.ఓ. ఖాతాలో వడ్డీ వస్తే, అది ఇక్కడి ఆదాయమే. ఇందాక చెప్పిన 12 లక్షల రిబేటు ఇక్కడ నివసించేవారికే గాని ఎన్.ఆర్.ఐ.లకు లేదు. ఆ పిల్లవాడి రిటర్నులో నివాసి అని తప్పు గడి నొక్కితే అంతా తారుమారు అవుతుంది. అతను ఆ ఏడాది దేశంలో ఎన్ని రోజులు ఉన్నాడో పాస్‌పోర్టు ముద్రలు చూసి లెక్కపెట్టండి. ఆరు నెలల సెలవు మీద వచ్చినవారు అకౌంటెంటుకు ఈ సంగతి తప్పక చెప్పాలి.

ఐదవది చిన్న వ్యాపారులు. ఖాతా పుస్తకాలు రాయలేని చిన్న వ్యాపారికి చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది. అమ్మకంలో నగదు రాబడి మీద 8 శాతం, బ్యాంకు ద్వారా, ఫోను ద్వారా వచ్చినదాని మీద 6 శాతం లాభంగా చూపవచ్చు. ఏడాదికి 30 లక్షల అమ్మకం ఉన్న కొట్టులో అంతా నగదైతే 2,40,000. అంతా ఫోను చెల్లింపులైతే 1,80,000. అయితే ఇది కనీసం చూపవలసిన లాభం. నిజంగా అంతకంటే ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపాలి. కొందరు బ్యాంకు అప్పు కోసం లేని లాభం కూడా రాయించుకుంటున్నారు. తక్కువ రాయడం ఎంత అబద్ధమో ఎక్కువ రాయడం కూడా అంతే అబద్ధం. పైగా తీర్చలేని అప్పు నెత్తిన పడుతుంది.

ఆరవది కుటుంబ పింఛను. భర్త ఉద్యోగం వలన వచ్చే పింఛనుకు స్టాండర్డ్ డిడక్షన్ 75,000 వర్తించదు. దానికి వేరే లెక్క. మూడవ వంతు గాని, కొత్త పద్ధతిలో 25,000 గాని, ఏది తక్కువైతే అది తగ్గిస్తారు. ఇంటి మగవారు ఈ సోదరీమణుల పాస్‌బుక్కులు తమ దగ్గర పెట్టుకుని రిటర్ను సంగతి మరిచిపోతున్నారు. దయచేసి వారి కాగితాలు వారి చేతిలో పెట్టండి, చదివి వినిపించండి.

నా తోటి ఉపాధ్యాయులకు ఒక ప్రత్యేక మనవి. డీఏ బకాయిలు, పీఆర్సీ బకాయిలు ఒకేసారి చేతికి వచ్చిన ఏడాది పన్ను పెరుగుతుంది. దానికి రిలీఫ్ ఉన్నది. కాని ఆ రిలీఫ్ కోరేవారు రిటర్ను కంటే ముందే పోర్టలులో ఫారం 10ఈ దాఖలు చేయాలి. అది మరిచిపోయి రిలీఫ్ చూపితే నిరాకరిస్తారు. అలాగే జీతంలో కోసిన పన్ను డ్రాయింగ్ ఆఫీసరు త్రైమాసిక లెక్కలో సరిగా చూపకపోతే మీ 26ఏఎస్‌లో కనిపించదు. కనిపించకపోతే మర్యాదగా ఆఫీసులో అడిగి సరిచేయించుకోండి, రిటర్నులో ఏదో అంకె వేసి సర్దుకోవద్దు.

తేదీల విషయం. జీతగాళ్ళకు, పింఛనుదారులకు మామూలుగా జులై 31 ఆఖరు. 2025లో దానిని సెప్టెంబరు 15కు, చివరలో ఇంకొక రోజు 16కు పొడిగించారు. ఏటా పొడిగిస్తారని ఎదురుచూడవద్దు. ఆలస్యమైతే డిసెంబరు 31 వరకు వేయవచ్చు గాని 5 లక్షల లోపు ఆదాయానికి 1,000, ఆపైన 5,000 ఆలస్య రుసుము. పైగా ఆలస్యపు రిటర్నులో పాత పద్ధతి ఎంచుకునే హక్కు పోతుంది. ఇంటి అప్పు, పొదుపులు ఎక్కువ ఉన్నవారికి ఇది పెద్ద నష్టం. దాఖలు చేసిన 30 రోజుల లోపల వెరిఫై కూడా చేయాలి. అది చేయనంతవరకు రిటర్ను దాఖలు అయినట్లు కాదు. పరీక్ష రాసి పేపరు ఇవ్వకుండా ఇంటికి తెచ్చుకున్నట్లే!

ఎవరి చేత రాయించినా ఈ నాలుగు నియమాలు పాటించండి. పోర్టలులో మీ సొంత ఫోను నంబరు, మీ ఇంటివారి ఈమెయిలే ఉండాలి, రాసేవాడిది ఉండరాదు. పాస్‌వర్డు కాగితం మీద రాసి కొట్టులో వదిలి రావద్దు. "చాచా, ఓటీపీ వచ్చింది, చెప్పండి" అని కుర్రవాడు తొందరపెడితే, "ముందు తెర ఇటు తిప్పు బేటా, ఏం రాశావో చూపించు" అనండి. మొత్తం ఆదాయం, తీసివేతలు, పన్ను, రీఫండు - ఈ నాలుగు అంకెలు చదివించుకుని, ప్రతి తీసివేతకు మీ ఇంట్లో కాగితం ఉందా అని మీకు మీరు ప్రశ్న వేసుకున్న తరువాతనే ఓటీపీ చెప్పండి. చివరిది, రిటర్ను కాపీ, రసీదు కాపీ రెండూ తెచ్చుకుని పిల్లల సర్టిఫికెట్లతో పాటు భద్రపరచండి. ఇంటి అప్పుకు, పిల్లల చదువు అప్పుకు, వీసాకు అవి అక్కరకు వస్తాయి.

ఆఖరుగా సంఘం పెద్దలకు ఒక ప్రతిపాదన. జూన్, జులై నెలలలో వారానికి ఒక సాయంత్రం మన సంఘ కార్యాలయంలో ఒక బల్ల, ఒక కంప్యూటరు పెట్టండి. కామర్సు చదువుతున్న మన పిల్లలు ముగ్గురు నలుగురు కూర్చుంటారు. ఒక అనుభవమున్న అకౌంటెంటును వచ్చి చూసిపొమ్మని బతిమాలుదాము. ఫీజు లేదు, కమీషను అసలే లేదు. వారు చేయవలసిన పని ముఖ్యంగా చదివి వినిపించడం. తెలుగు వచ్చినవారికి తెలుగులో, ఉర్దూలో అయితేనే అర్థమయ్యేవారికి ఉర్దూలో. ఎవరి పాస్‌వర్డూ సంఘంలో ఉంచరాదు. చిక్కు కేసు అయితే అకౌంటెంటు దగ్గరకు పంపాలి. ఆడవారికి ఒక వేళ ప్రత్యేకించాలి, అక్కడ మన అమ్మాయిలు కూర్చోవాలి. నేను ఆ రోజులలో బడి అయిపోగానే వచ్చి బెంచీలు సర్దడానికి, కాగితాలు వరుసలో పెట్టడానికి సిద్ధంగా ఉన్నాను.

పన్ను ఎక్కువ కట్టమని నేను అనడం లేదు. చట్టం ఇచ్చిన ప్రతి మినహాయింపు మన హక్కు, ఒక్క రూపాయి కూడా వదులుకోవద్దు. ఇవ్వనిదానిని మాత్రం మన పేరు మీద ఎవరినీ రాయనివ్వవద్దు. మన పేరును మన పెద్దలు మనకు శుభ్రంగా అప్పగించి వెళ్ళారు. దానిని మనం పిల్లలకు అంతే శుభ్రంగా అప్పగించాలి.